చిరువర్తకుని చదువు: దత్తమండలాలలో వ్యాపారవిద్య, కడితం నుంచి మార్కెటింగ్ గ్రంథం వరకు

1.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• పందొమ్మిదో శతాబ్దపు వీధిబడులలో వ్యాపారానికి పనికివచ్చే చదువు ఎలా సాగిందో వివరించగలుగుతారు.
• కర్నూలు-కడప కాలువ కంపెనీ, కడప నీలిమందు వ్యాపారం దెబ్బతినడానికి గల కారణాలను పోల్చి చెప్పగలుగుతారు.
• నేటి వ్యాపార, మార్కెటింగ్ గ్రంథాలను చిన్న దుకాణదారుడు ఎలా చదవాలో చారిత్రక దృష్టితో విశ్లేషించగలుగుతారు.

1.1 పరిచయం

మీలో కొందరు పగలు దుకాణంలో కూర్చుని, రాత్రి ఈ పాఠాలు చదువుతూ ఉండవచ్చు. మరికొందరి ఇంట్లో కిరాణా కొట్టో, కుట్టు మిషనో, నాపరాళ్ళ వ్యాపారమో ఉండవచ్చు. అలాంటివారికి ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది: వ్యాపారం పుస్తకాలు చదివితే వస్తుందా, గల్లా పెట్టె ముందు కూర్చుంటే వస్తుందా? ఇది కొత్త ప్రశ్న కాదు. వానలు నమ్మకం లేని కర్నూలు, కడప ప్రాంతాలలో రెండు వందల ఏళ్ళుగా చిన్న వర్తకులు తమ పద్ధతిలో దీనికి సమాధానం వెదుకుతూనే ఉన్నారు.

1800 అక్టోబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం నిజాం ఈ ప్రాంతంలో అధికభాగాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అప్పటినుంచి వీటిని దత్తమండలాలు అన్నారు. నవాబు పాలనలో ఉన్న కర్నూలు 1839లో కంపెనీ చేతికి వచ్చింది. 'రాయలసీమ' అనే పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలలో వాడుకలోకి వచ్చింది. జిల్లాల హద్దులు ఎన్నోసార్లు మారాయి. నేడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని 1953 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. ఈ పాఠంలో బళ్ళారి లెక్కలు ఎందుకు వస్తున్నాయో అర్థం కావడానికి ఈ విషయం గుర్తుంచుకోండి.

1.2 వీధిబడి: వర్తకుని మొదటి పాఠశాల

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన రాజధానిలోని విద్యాస్థితిపై వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. మన్రోకు ఈ సీమ కొత్తది కాదు. 1800 నుంచి 1807 వరకు ఆయన ఇక్కడే ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. ఆయన అడిగిన వివరాలకు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు చాలా విలువైనది. సుమారు 9 లక్షల 28 వేల జనాభా గల ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని ఆయన రాశాడు. అంటే వెయ్యి మందికి ఏడుగురే బడిలో ఉన్నారు. ఆ మొత్తంలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఈ సంఖ్యను మనసులో ఉంచుకోండి. పాఠం చివరలో మళ్ళీ దీని దగ్గరికి వస్తాం. కడప జిల్లా నుంచి వచ్చిన లెక్కలలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు కనిపిస్తారు.

ఆ బడిలో ఏమి నేర్పేవారు? పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తరవాత పలక వాడేవాడు. బొగ్గుపొడి, అన్నం కలిపి పూసిన చెక్కపలక ఒక రకం. గంజి పెట్టి బిగువెక్కించి, బొగ్గు, జిగురు పూసి, పుస్తకంలా మడతలు పెట్టిన గుడ్డ రెండో రకం. దీనినే కడితం అంటారు. దానిమీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. వర్తకుల ఇళ్ళలోనూ ఇటువంటి కడితాలే లెక్కల పుస్తకాలుగా ఉండేవి. అంటే పిల్లవాడు బడిలో పట్టుకున్న వస్తువునే పెద్దయ్యాక కొట్టులో పట్టుకునేవాడు. చదువుకూ వృత్తికీ మధ్య ఎడం తక్కువ.

లెక్కలలో ఎక్కాలు, కూడికలు, తీసివేతలు అయ్యాక డబ్బు, కొలతల లెక్కలు వచ్చేవి. భిన్నాలను నేర్పడానికి గురువులు ఎంతో శ్రమ తీసుకొనేవారని క్యాంప్‌బెల్ గమనించాడు. ఆ భిన్నాలు పదేసి వంతులుగా కాక, నాలుగేసి వంతులుగా దిగేవి. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాణి. అంటే కాణి ఒకటిలో అరవై నాలుగో వంతు. రూపాయికి పదహారు అణాలు చెల్లిన కాలంలో ఈ పద్ధతి బేరానికి చక్కగా అమరింది. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చేవరకు సీమ సంతలలో ఈ లెక్క నోటిమీదనే నడిచింది.

మరొక పాఠం ఇంకా ఆసక్తికరమైనది. గురువు రకరకాల వ్యక్తుల చేతిరాతలో ఉన్న ఉత్తరాలను సేకరించి, వాటిని పిల్లలచేత చదివించేవాడు. ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు రాయడం నేర్పేవాడు. అప్పు పత్రం చదవలేనివాడు ఎదుటివాడు చదివి వినిపించిందే నమ్మవలసి వస్తుంది. అందువల్ల ఈ చదువు ఆస్తిని కాపాడుకొనే ఆయుధం కూడా.

ఈ బడుల మంచినీ చెడునూ క్యాంప్‌బెల్ రెండింటినీ చెప్పాడు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు నేర్పే పద్ధతిని మెచ్చుకొన్నాడు. అర్థం తెలియకుండా పద్యాలను చిలకల్లా వల్లించడాన్ని తప్పుపట్టాడు. చదువు క్షీణించడానికి దేశం క్రమంగా పేదరికంలోకి జారడమే కారణమని, ఐరోపా సరుకుల రాకతో చేతివృత్తుల వారి ఆదాయం తగ్గిందని కూడా రాశాడు. కంపెనీ ఉద్యోగి స్వయంగా ఈ మాట ఒప్పుకోవడం చరిత్ర విద్యార్థులు గమనించదగ్గ విషయం.

1.3 అచ్చుపుస్తకం రాక

తెలుగులో లెక్కల గ్రంథాలు అప్పటికే లేకపోలేదు. జైన గణితవేత్త మహావీరుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గ్రంథం ఆధారంగా పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో 'సారసంగ్రహ గణితము' రచించాడు. మహావీరుని గ్రంథంలో వడ్డీ లెక్కలకూ, బంగారం మేళవింపు లెక్కలకూ ప్రత్యేక స్థానం ఉంది. అయితే తాటాకు గ్రంథం పండితుని ఇంట్లో ఉండేది, సామాన్య వర్తకుని చేతికి వచ్చేది కాదు.

ఈ పరిస్థితిని మార్చింది అచ్చు. 1832లో పుదూరి సీతారామశాస్త్రి రచించిన 'బాలశిక్ష' మద్రాసులో అచ్చయింది. అదే తరవాతి కాలంలో పెరిగి 'పెద్దబాలశిక్ష' అయింది. అక్షరాలు, ఎక్కాలు, కొలతలు, నీతిపద్యాలు ఒకేచోట దొరకడంతో తరాల తరబడి దుకాణదారుల పిల్లలకు అదే మొదటి గ్రంథం, చాలామందికి చివరి గ్రంథం కూడా అయింది.

1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడే తెలుగు నేర్చుకొన్నాడు. పండితులను పెట్టుకొని తాళపత్ర గ్రంథాలను సేకరింపజేశాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. మన పాఠానికి అంతకంటే దగ్గరిది 1852లో వచ్చిన ఆయన 'తెలుగు రీడర్'. అందులో ఆయన కూర్చినవి కావ్యభాగాలు కావు. సొంత విషయాల ఉత్తరాలు, వ్యాపార ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల ఉత్తరాలు. తెలుగు నేర్చుకొనే ఇంగ్లీషు ఉద్యోగుల కోసం ఆయన దీనిని కూర్చాడు. వీధిబడి పంతులు చేసిన పని కూడా ఇదే. నిజమైన ఉత్తరాలను చేతికిచ్చి వ్యవహారం నేర్పడం. జనం వాడే కాగితాలలోనే జనం బతుకు తెలుస్తుందని ఇద్దరూ గ్రహించారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. కడితం అంటే ఏమిటి? బడికీ కొట్టుకూ అది ఎలా వారధి అయింది?
2. భిన్నాలు 'నాలుగేసి వంతులుగా' దిగడం అంటే ఏమిటో ఉదాహరణతో రాయండి.

1.4 కొనుగోలుదారును చదవని కంపెనీ

ఇప్పుడు పెద్ద పెట్టుబడి, పెద్ద చదువు ఉండి కూడా దెబ్బతిన్న ఒక ఉదాహరణ చూద్దాం. గోదావరి డెల్టాలో ఆర్థర్ కాటన్ సాధించిన విజయం ఇంగ్లండులో పెట్టుబడిదారులను ఆకర్షించింది. ఆ ఉత్సాహంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌన్ల మూలధనంపై 5 శాతం వడ్డీ ఇప్పిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1860 దశకంలో తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప వైపు కాలువ తవ్వారు. అదే నేటి కె.సి. కాలువ. సాగునీరు అమ్మి, పడవల రాకపోకలమీద సుంకం వసూలు చేసి లాభం గడించాలని కంపెనీ తలచింది.

నీరు వచ్చింది. కొనేవారు మాత్రం అనుకొన్నంతగా రాలేదు. ఎందుకు? కాలువ దారిలో చాలా భాగం నల్లరేగడి నేల. అది కొద్దిపాటి వానకే తేమ పట్టి ఉంచుకొంటుంది. జొన్న, పత్తి అక్కడ మెట్టపైరుగా పండుతాయి. మాగాణి చేయాలంటే నేల చదును చేయాలి, గట్లు వేయాలి, ఎరువు, ఎద్దులు, కూలీలు కావాలి. వీటికితోడు ఏటా నీటితీరువ కట్టాలి. వాన బాగున్న ఏడాది రైతుకు ఆ నీరు అక్కరలేదు. కరువు ఏళ్ళలో మాత్రం గిరాకీ పెరిగింది. కరువు వస్తేనే సరుకు అమ్ముడుపోయే వ్యాపారం కంపెనీని నిలబెట్టలేకపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసింది.

రైతు 'మూర్ఖంగా' నీరు వద్దన్నాడని కొందరు అధికారులు భావించారు. కాని రైతు లెక్క రైతుకు ఉంది. గోదావరిలో నిజమైనది తుంగభద్ర గట్టున నిజం కానక్కరలేదు. ఒకచోట గెలిచిన సూత్రాన్ని నేల చూడకుండా మరొకచోట అమలు చేయడమే ఇక్కడ జరిగిన పొరపాటు. కాలువ తరవాతి కాలంలో ఈ సీమకు ఎంతో మేలు చేసిన మాట వాస్తవం. ప్రజలకు మేలైన పనీ, కంపెనీకి లాభం తెచ్చే పనీ వేరువేరు కావచ్చునని కూడా ఈ ఉదాహరణ చెబుతుంది.

1.5 లోకం మారిన సంగతి తెలియని వ్యాపారం

కడప నీలిమందు కథ దీనికి భిన్నమైనది. మద్రాసు రాజధానిలో నీలి సాగుకు పేరుపొందిన జిల్లాలలో కడప ఒకటి. నీలిమొక్కను తొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన రంగును ఆరబెట్టి ముద్దలు చేసేవారు. అది మద్రాసు మీదుగా ఐరోపాకు ఎగుమతి అయ్యేది. ఇక్కడివారికి నేల తెలుసు, మొక్క తెలుసు, ముద్ద విరిచి చూసి నాణ్యత చెప్పగల నేర్పు తెలుసు. కంపెనీకి లేని స్థానిక జ్ఞానం వీరికి నిండుగా ఉంది.

అయినా ఆ వ్యాపారం నిలవలేదు. 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టింది. కొన్ని ఏళ్ళలోనే మొక్క నుంచి తీసే నీలికి మార్కెటు కుంగిపోయింది. కడపలో తొట్టి దగ్గర నిలబడిన మనిషి పనిలో ఏ లోపమూ లేదు. అతని జీవనాన్ని మార్చిన నిర్ణయం వేల మైళ్ళ దూరంలో, అతడు చదవలేని భాషలో జరిగింది.

ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడండి. కాలువ కంపెనీకి గ్రంథజ్ఞానం ఉంది, స్థానిక అనుభవం లేదు. నీలి ఉత్పత్తిదారుకు అనుభవం ఉంది, బయటి ప్రపంచపు సమాచారం లేదు. ఒకటి ఉండి మరొకటి లేకపోతే నష్టం తప్పదని సీమ చరిత్ర రెండుసార్లు చూపింది.

1.6 ఆధునిక గ్రంథాలు, సీమ దుకాణం

వ్యాపార గ్రంథాలకు పాత చరిత్రే ఉంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ గణితగ్రంథం జంటపద్దు విధానాన్ని వివరించి, దానిని ఐరోపా అంతటికీ పరిచయం చేసింది. మన వర్తకుల చిట్టా, ఆవర్జాలు వేరే మార్గంలో ఎదిగాయి. చిట్టాలో రోజువారీ పద్దులు, ఆవర్జాలో ఎవరి ఖాతా వారికి ఉండేవి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా నుంచి మరో రకం గ్రంథాలు వచ్చాయి. 1936లో డేల్ కార్నెగీ మనుషులను ఆకట్టుకొనే నేర్పు గురించి రాశాడు. 1954లో పీటర్ డ్రక్కర్ కొనుగోలుదారుడే వ్యాపారానికి కేంద్రమని వాదించాడు. 1960లో జెరోమ్ మెకార్తీ మార్కెటింగ్‌ను ఉత్పత్తి, ధర, స్థలం, ప్రోత్సాహం అనే నాలుగు అంశాలుగా విభజించాడు. 1967లో వచ్చిన ఫిలిప్ కోట్లర్ గ్రంథం ప్రపంచమంతటా పాఠ్యపుస్తకమైంది. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' వంటి పుస్తకాలు బస్టాండు దుకాణాలకు కూడా చేరాయి.

1982లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఆ రకమైన మొదటి విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. కొట్టు మూయకుండానే వాణిజ్యశాస్త్రం చదివే అవకాశం దూరవిద్యవల్ల ఏర్పడింది.

ఈ గ్రంథాలు చిన్న దుకాణదారునికి పనికివస్తాయా? ఒక ఊహా ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒక వర్తకుడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చి సరుకు కొన్నాడు. పది శాతం లాభం వేసుకొని 1,10,000 రూపాయలకు అమ్మాడు. పుస్తకంలోని సూత్రం ప్రకారం లాభం 10,000 రూపాయలు. కాని అతడు అమ్మింది ఉద్దెరకు. సుగ్గి అయ్యాకగాని డబ్బు రాదు. ఆరు నెలలు గడిస్తే వడ్డీ 12,000 రూపాయలు అవుతుంది. అంటే అతనికి మిగిలింది లాభం కాదు, 2,000 రూపాయల నష్టం. అదే డబ్బు మూడు నెలలలో వసూలైతే వడ్డీ 6,000 పోను 4,000 మిగులుతుంది. సరుకు అదే, ధర అదే, కొన్నవారూ వారే. తేడా అంతా కాలంలో ఉంది.

మెకార్తీ చెప్పిన నాలుగు అంశాలలో ఉద్దెరకు విడిగా స్థానం లేదు. ధర అనే అంశంలో అది అంతర్భాగమే అయినా, సీమలో దానికే పెద్దపీట వేయాలి. వాన పడకపోతే సుగ్గి లేదు, సుగ్గి లేకపోతే వసూలు లేదు. 1876-78 కరువులో దత్తమండలాలు అనుభవించిన కష్టం తరవాత ఈ మాటను ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. అయితే ఉద్దెర ఇవ్వని కొట్టుకు పల్లెలో గిరాకీ లేదు. కాబట్టి ఇవ్వాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళకు అన్నదే ప్రశ్న. ఆ జవాబు ఆవర్జాలో ఉంటుంది. ఆవర్జాను ఏ ప్రశ్నతో చదవాలో మాత్రం మంచి పుస్తకం నేర్పగలదు.

విజయగాథల పుస్తకాలలో మరొక లోపం ఉంది. గెలిచినవాడు పుస్తకం రాస్తాడు. అదే పద్ధతి పాటించి ఓడినవాడు రాయడు. అందువల్ల ఆ పద్ధతే గెలుపుకు కారణమని పాఠకుడు పొరబడే ప్రమాదం ఉంది. చరిత్ర ఓడినవారి లెక్కలను కూడా భద్రపరుస్తుంది. వాణిజ్య విద్యార్థి చరిత్ర చదవడంలోని ప్రయోజనం ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
1. పై ఉదాహరణలో డబ్బు ఐదు నెలలకు వసూలైతే వర్తకునికి మిగిలేది ఎంత?
2. కాలువ కంపెనీ, నీలి ఉత్పత్తిదారులలో ఎవరికి ఏ జ్ఞానం కొరవడింది?

1.7 ఓర్వకల్లు: పుస్తకం రాసుకొన్న మహిళలు

1990 దశకం మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో పేదరిక నిర్మూలన పథకం ఒకటి మొదలైంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో మహిళలు పొదుపు సంఘాలుగా ఏర్పడి, వాటిని కలిపి మండలస్థాయి పొదుపులక్ష్మి ఐక్యసంఘంగా నిలబెట్టుకొన్నారు. ఈ అనుభవం తరవాత రాష్ట్రవ్యాప్తంగా వచ్చిన 'వెలుగు' కార్యక్రమానికి దారి చూపినవాటిలో ఒకటి.

నేడు పొదుపు సంఘాలు పాటించే పంచసూత్రాలు ఏమిటి? క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సక్రమమైన పుస్తక నిర్వహణ. అయిదో సూత్రం లేకపోతే మిగిలిన నాలుగింటికీ సాక్ష్యం లేదు. సంఘం ముందు పద్దులు చదివి వినిపించడంవల్ల అక్షరం రాని సభ్యురాలికి కూడా తన పొదుపు ఎంతో, అప్పు ఎంతో తెలుస్తుంది. ఈ పుస్తకాన్ని ఏ ప్రచురణకర్తా అచ్చు వేయలేదు. సభ్యులే రాసుకొన్నారు.

దీని విలువ 2010లో తెలిసింది. ఒకే ఇంటికి అనేక సూక్ష్మరుణ సంస్థలు అప్పులు ఇవ్వడం, వారం వారం వసూళ్ళ ఒత్తిడి రాష్ట్రంలో సంక్షోభంగా మారాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ సంస్థలను నియంత్రించవలసి వచ్చింది. ఎవరికి ఎంత అప్పు ఉందో తెలిపే పుస్తకం అప్పు ఇచ్చినవాడి దగ్గరే ఉండి, తీసుకొన్నవారి దగ్గర లేకపోతే ఏమవుతుందో ఆ సంక్షోభం చూపింది.

1823లో క్యాంప్‌బెల్ లెక్కించిన 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఆనాటి బడికి దూరంగా ఉంచినవారి తరవాతి తరాలే ఈనాడు ఊరి పద్దులు రాస్తున్నాయి. సీమ వ్యాపారవిద్య చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు లేదు.

1.8 వ్యాపార గ్రంథాన్ని చదివే పద్ధతి

పై చర్చ ఆధారంగా, ఏ వ్యాపార పుస్తకాన్ని చదివినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఈ పుస్తకం ఏ నేలకోసం రాశారు? నగదు చేతిలో ఉన్న కొనుగోలుదారుకోసం రాసిన సలహా సుగ్గిమీద ఆధారపడిన ఊరికి అతకకపోవచ్చు. అయినా పుస్తకాన్ని పారేయనక్కరలేదు, దాని కొలతలు మార్చుకోవాలి.

రెండు: నా ఆవర్జా దీనికి ఏమంటుంది? ఒక్క సూత్రాన్ని ఒక్క సరుకుమీద, ఒక్క నెల, కొద్ది మొత్తంతో పరీక్షించి రాసుకోండి. ఇంటి ఖర్చును దుకాణం ఖర్చులో కలిపితే ఆ పరీక్ష ఫలితం తేలదు.

మూడు: నాకు తెలియకుండా బయట ఏమి మారుతున్నది? నీలి తొట్టి దగ్గరి మనిషికి ఆ వార్త అందే దారి లేదు. నేడు మీకు పత్రిక, గ్రంథాలయం, ఫోను ఉన్నాయి.

1.9 సారాంశం

దత్తమండలాల వీధిబడి అక్షరం, భిన్నం, పత్రం చదివే నేర్పు ఇచ్చింది, కాని అది కొద్దిమందికే అందింది. అచ్చు ఆ చదువును విస్తరింపజేసింది. కాలువ కంపెనీ పతనం స్థానిక అనుభవం విలువను, నీలిమందు పతనం బయటి సమాచారం విలువను తెలిపాయి. ఆధునిక మార్కెటింగ్ గ్రంథాలు మంచి ప్రశ్నలు ఇస్తాయి. జవాబులను మాత్రం వర్తకుడు తన ఖాతాలలో, తన ఊరిలో వెదుక్కోవాలి. ఓర్వకల్లు మహిళల అనుభవం పుస్తకం చదవడంతోపాటు పుస్తకం రాసుకోవడం కూడా వ్యాపారవిద్యేనని నిరూపించింది.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పందొమ్మిదో శతాబ్దపు వీధిబడులలోని వ్యాపారోపయోగ విద్యను, దాని పరిమితులను చర్చించండి.
2. కర్నూలు-కడప కాలువ, కడప నీలిమందు ఉదాహరణల ఆధారంగా గ్రంథజ్ఞానం, అనుభవ జ్ఞానాల సంబంధాన్ని విశ్లేషించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్రౌన్ 'తెలుగు రీడర్' ప్రత్యేకత ఏమిటి?
2. పొదుపు సంఘాలలో పుస్తక నిర్వహణకు గల ప్రాధాన్యం రాయండి.

III. అభ్యాసం
మీ ఊరిలోని ఒక చిన్న దుకాణదారునితో, వారి అనుమతితో మాట్లాడండి. వారు ఉద్దెర లెక్కలు ఎలా రాసుకొంటారో, ఆ పద్ధతి ఎవరివద్ద నేర్చుకొన్నారో తెలుసుకొని ఒక పేజీ నివేదిక రాయండి. దుకాణం మీదే అయితే, గడచిన ఆరు నెలల ఆవర్జా తెరిచి, ఇచ్చిన ఉద్దెర ఎన్ని రోజులకు వసూలైందో ఖాతాల వారీగా పట్టిక వేయండి.